ఉన్నట్టుండి హ్యాంగ్ అయ్యే డెస్క్‌టాప్ కంప్యూటర్: అసలు కారణాన్ని తేల్చడం ఎలా?

అక్షరకూర్పు, చిక్కడపల్లి

అందరికీ నమస్కారం. నేను చిక్కడపల్లిలో ఒక చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. పుస్తకాలు, ప్రత్యేక సంచికలు పేజీలు కూర్చి ప్రెస్సుకు పంపడం మా పని. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 5600జి ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా), విండోస్ 11 ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగంగా పనిచేసే చిప్పుల డిస్క్), పాత పుస్తకాల ఫైళ్లన్నీ దాచుకున్న ఒక టీబీ సాటా హార్డ్ డిస్క్ (కేబుల్‌తో బోర్డుకు కలిపేది) ఉన్నాయి. మొదట 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు ఉండేవి. గత సంక్రాంతికి ముందు మరో కంపెనీవి ఇంకో రెండు పెట్టించి మొత్తం 32 జీబీ చేశాను.

వేసవి మొదలైనప్పటి నుంచి ఈ యంత్రం మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది. కొన్నిసార్లు తెర నల్లబడి, ఏ సందేశమూ లేకుండా తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. అప్పుడప్పుడు బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయి తప్పు కోడ్ చూపే నీలి తెర) కూడా వస్తోంది కానీ, చదివేలోపే మాయమవుతోంది. దగ్గర్లోని దుకాణంలో ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశారు. కొద్ది రోజులకే కథ మొదటికొచ్చింది. మరొకచోట మదర్‌బోర్డు పోయిందని, మార్చాల్సిందేనని చెప్పారు. ఒక పరిశోధన గ్రంథం ప్రెస్సుకు పోవలసిన గడువు దగ్గరపడింది. డబ్బు ఖర్చు పెట్టడానికి నేను వెనకాడటం లేదు. ఏ భాగం మార్చాలో నిదర్శనంతో తెలుసుకుని మార్చాలన్నదే నా కోరిక. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

పార్క్‌లేన్_టెక్నీషియన్, సికింద్రాబాద్

నమస్కారమండీ. నేను చెనాయ్ ట్రేడ్ సెంటర్ ప్రాంతంలో చాలాకాలంగా రిపేరు పని చేస్తున్నాను. దేన్నీ మార్చకముందు, ఏ పరీక్షా చేయకముందు, ఆ సాటా డిస్కులో ఉన్న పుస్తకాలన్నిటినీ బయటి డిస్కులోకి కాపీ చేయండి. తప్పుల్ని సరిదిద్దుతానంటూ డిస్కంతా తిరిగే చెక్‌డిస్క్ వంటివి ఆ తర్వాతే నడపాలి. డిస్క్ నిజంగా చివరి దశలో ఉంటే ఆ శ్రమకే అది పూర్తిగా ఆగిపోవచ్చు.

రెండో సంగతి, మీరు చెప్పింది ఒక జబ్బు కాదు, మూడు లక్షణాలు. హ్యాంగ్ కావడం, తనంతట తాను రీస్టార్ట్ కావడం, బ్లూ స్క్రీన్ రావడం ఈ మూడూ ఒకే కారణం వల్ల రావచ్చు, వేర్వేరు కారణాల వల్లా రావచ్చు. వీటిని విడదీయకుండా భాగాలు మార్చుకుంటూ పోతే, ఒకటి తగ్గినా మిగతా రెండూ కొనసాగడం చూసి, సరిగ్గా చేసిన మరమ్మతును కూడా పనికిరానిదని అనుకుంటాం.

కాబట్టి ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతిసారీ సమయం, అప్పుడు చేస్తున్న పని, కనిపించిన లక్షణం రాసుకోండి. హ్యాంగ్ అయినప్పుడు పవర్ బటన్ నొక్కకముందు కొన్ని సంగతులు గమనించాలి. మౌస్ బాణం కదులుతోందా? క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీది దీపం వెలిగి ఆరుతోందా? విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతో పాటు బి నొక్కితే తెర ఒక్కసారి మిణుకుమంటోందా? అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే తెర మీది బొమ్మను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ మొదలుపెట్టే మీట. దానితో తెర తిరిగి వస్తే, లోపల యంత్రం బతికే ఉందని, బొమ్మ చూపించే భాగం మాత్రమే ఆగిందని అర్థం. దీపం కూడా వెలగకపోతే యంత్రం మొత్తంగా బిగుసుకుపోయిందన్నమాట.

సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అన్నచోట టిక్కు తీసేయండి. అప్పుడు బ్లూ స్క్రీన్ మీరు చదివేదాకా నిలిచి ఉంటుంది. విండోస్ రాసుకున్న సంఘటనల చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే నమోదులు కనిపిస్తాయి. వాటిని చూసి చాలామంది వెంటనే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్మానిస్తారు. నిజానికి ఆ నమోదు యంత్రం తిరిగి లేచిన తర్వాత రాసుకునేది. క్రితంసారి పద్ధతిగా మూతపడలేదన్న ఒక్క విషయమే అది చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. దాని వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ వచ్చిందని, పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ సున్నా కాకపోతే ఎవరో బటన్ నొక్కిపట్టి ఆపారని తెలుస్తుంది. రెండూ సున్నా అయితే కరెంటు తెగి ఉండవచ్చు, లేదా విండోస్ ఏమీ రాసుకోలేనంతగా యంత్రం బిగుసుకుపోయి ఉండవచ్చు. ఈ వివరాలతో పాటు ఆ సమయానికి కాస్త ముందు వచ్చిన ఎర్రర్లనూ వార్నింగులనూ ఇక్కడ రాయండి.

డ్రైవర్_పరిశీలకుడు, మాదాపూర్

హార్డ్‌వేర్ వైపే చూడటం తొందరపాటు అవుతుందేమోనని నా అనుమానం. విండోస్ లోపలి కీలక భాగమైన కెర్నల్‌లో పనిచేసే ఒక్క సాఫ్ట్‌వేర్ చెడితే ఏమవుతుందో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో బోర్డింగ్ పాసులు రాసి ఇచ్చారు. ఆ కంప్యూటర్లలో ఏ భాగమూ చెడిపోలేదు. మీరు ఫార్మాట్ చేసిన తర్వాత కూడా అవే డ్రైవర్లు, అవే ఫాంటు సాఫ్ట్‌వేర్లు మళ్లీ వేసి ఉంటారు కదా. కాబట్టి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి, తయారీదారు సైటు నుంచి కొత్తది వేసి చూడమని నా సూచన. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే అన్న పేరుతో 4101 నమోదు ఉందేమో కూడా చూడండి. గ్రాఫిక్స్ రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి లేపి రాసుకునే నమోదు అది.

గణితోపాధ్యాయిని, ఉప్పల్

వేసవిలోనే మొదలైందని మీరే రాశారు కాబట్టి వేడి సంగతి ముందుగా చూడాలని నాకు అనిపిస్తోంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, గాలి ఆడని గదిలో క్యాబినెట్ లోపలి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. మా ఇంట్లోని కంప్యూటర్ ఇలాగే ఇబ్బంది పెడితే ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము తీసి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ మార్చాక సమస్య పూర్తిగా పోయింది.

పార్క్‌లేన్_టెక్నీషియన్, సికింద్రాబాద్

రెండు అనుమానాలూ న్యాయమైనవే. రెంటినీ కొట్టిపారేయకుండా పరీక్షతో తేల్చుకుందాం.

వేడి విషయంలో, ఈ ప్రాసెసర్‌కు గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరేసరికి అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కూలర్ ఊడిపోవడం వంటిది జరిగి ఇంకా మితిమీరితే యంత్రం ఠక్కున ఆరిపోతుంది. అంటే వేడి ఎక్కువైన యంత్రం ముందు నెమ్మదిస్తుంది, తర్వాత ఆరిపోతుంది. ఏ భారమూ లేని సమయంలో ఊరికే బిగుసుకుపోవడం దాని స్వభావం కాదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉష్ణోగ్రతలను ఫైలులోకి రాస్తూ ఉంటుంది. దాన్ని నడిపి ఉంచండి. హ్యాంగ్ అయ్యేముందు ఎంత ఉందో ఆ ఫైలు చివరి వరుసే చెబుతుంది.

ఇక డ్రైవర్ విషయంలో, మాదాపూర్ మిత్రులు ఇచ్చిన ఉదాహరణలోనే ఒక తేడా ఉంది. ఆ రోజు ఆగిపోయిన ప్రతి యంత్రమూ ప్రతిసారీ ఒకేచోట, ఒకే ఫైలు దగ్గర ఆగింది. సాఫ్ట్‌వేర్ లోపానికి ఆ నిలకడ ఉంటుంది. బ్లూ స్క్రీన్ కోడ్ ఒకసారి ఒకటి, మరోసారి ఇంకొకటి వస్తూ, నింద పడే ఫైలు కూడా మారుతూ ఉంటే నా చూపు ముందుగా ర్యామ్ మీదికి పోతుంది. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. బ్లూ స్క్రీన్ వివరాలు దాచే అందులోని ఫైళ్లను విండీబీజీ అనే ప్రోగ్రాంతో తెరిచి చూస్తే ఈ సంగతి తేలుతుంది.

అక్షరకూర్పు, చిక్కడపల్లి

మీరందరూ చెప్పినవి వరుసగా చూశాను. బయటి డిస్కులోకి కాపీ చేయడం పూర్తయింది.

ఉష్ణోగ్రత అత్యధికంగా 78 డిగ్రీలు చేరింది. హ్యాంగ్ అయిన సమయాల్లో మాత్రం 50 దగ్గర్లోనే ఉంది. 4101 నమోదు ఎక్కడా లేదు. కెర్నల్-పవర్ 41 నమోదులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి బగ్‌చెక్‌కోడ్ 26, 80, 59 అని వేర్వేరుగా ఉంది. కొన్నింటికి కోడ్ సున్నా ఉండి పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్‌లో పెద్ద అంకె ఉంది. ఇంకొన్నింటికి రెండూ సున్నాలే. బటన్ నొక్కి ఆపిన ప్రతిసారీ దానికి కాస్త ముందు స్టోర్‌ఏహెచ్‌సీఐ అనే పేరుతో 129 అనే వార్నింగు ఉంది.

మరొక ముఖ్యమైన గమనిక. హ్యాంగ్ అయినప్పుడు మౌస్ బాణం కదులుతూనే ఉంది, క్యాప్స్ లాక్ దీపం కూడా వెలుగుతోంది. కానీ ఏ ఫోల్డరూ తెరుచుకోదు. ఏమీ నొక్కకుండా ఓపికగా కూర్చుంటే ఒకటి రెండు నిమిషాలకు తిరిగి పనిలోకి వస్తోంది. ఆగిన పని చాలావరకు పాత పుస్తకాల ఫోల్డర్‌కు సంబంధించినదే.

పార్క్‌లేన్_టెక్నీషియన్, సికింద్రాబాద్

ఇంత శ్రద్ధగా చూసి రాసినందుకు ధన్యవాదాలు. మీ మదర్‌బోర్డు మీద వేసిన నింద ఇంతవరకు దొరికిన సాక్ష్యంలో ఎక్కడా కనిపించడం లేదు.

ముందుగా హ్యాంగ్ సంగతి. 129 అంటే, డిస్కును అడిగిన పనికి గడువులోగా జవాబు రాకపోవడంతో విండోస్ ఆ డిస్కుతో సంబంధాన్ని తెంచి మళ్లీ కలుపుకుందని అర్థం. మీ విండోస్ ఎన్‌వీఎంఈ మీద ఉంది కాబట్టి బాణం కదులుతుంది, దీపం వెలుగుతుంది. సాటా డిస్క్ జవాబు కోసం ఎదురుచూసే ప్రతి కిటికీ మాత్రం అలాగే నిలిచిపోతుంది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం వేసి 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరుసలు చూడండి. మొదటి మూడింటిలో అంకెలు పెరుగుతుంటే డిస్క్ పళ్లెం మీదే చెడు ఉందని, ఆ డిస్కును నమ్మకూడదని అర్థం. అవి సున్నాగా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే, డిస్కుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలోనే డేటా చెడుతోందన్నమాట. అలాంటప్పుడు ఎక్కువగా కేబులే దోషి. ఆ ప్రోగ్రాం అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) చూపిస్తుంది. అందుకని మధ్యలో అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి.

ఇక బ్లూ స్క్రీన్. ఈవెంట్ వ్యూయర్ ఆ కోడ్‌ను దశాంశ సంఖ్యగా చూపిస్తుంది. 26 అంటే హెక్సాడెసిమల్‌లో 1ఏ, అంటే మెమరీ మేనేజ్‌మెంట్. 80 అంటే 50, అది మెమరీలో లేని పేజీని వెదకడం. 59 అంటే 3బి, అది సిస్టమ్ సర్వీసు లోపం. ఇలా మూడు వేర్వేరు కోడ్‌లు రావడం నేను పైన చెప్పిన అనుమానాన్ని బలపరుస్తోంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితోనే యంత్రాన్ని బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. 32 జీబీకి అది చేసే నాలుగు విడతల పరీక్షా పూర్తి కావాలంటే చాలా గంటలు పడుతుంది. ఒక్క తప్పు కనిపించినా అది తప్పే, ‘ఒకటే కదా’ అని వదిలేయడానికి వీల్లేదు.

మీ వృత్తి దృష్ట్యా ఈ మాట గట్టిగా చెబుతున్నాను. చెడిన ర్యామ్ యంత్రాన్ని పడగొట్టినప్పుడు మనకు తెలుస్తుంది. పడగొట్టకుండా ఒక బిట్‌ను (డేటాలోని అతి చిన్న ముక్కను) మార్చి ఊరుకున్నప్పుడు ఎవరికీ తెలియదు. ఆ బిట్ మీ పుస్తకం ఫైలులోదే అయితే, చెడిన ఫైలే డిస్కులోకి సేవ్ అవుతుంది, అదే బ్యాకప్‌లోకీ చేరుతుంది. ర్యామ్ సంగతి తేలేదాకా ప్రెస్సుకు పంపవలసిన ఫైలును వేరే యంత్రంలో తెరిచి, పీడీఎఫ్ ప్రతి పేజీ కంటితో చూసుకోండి.

విశ్రాంత_విద్యుత్_ఇంజనీరు, మల్కాజిగిరి

రెండూ సున్నాలున్న నమోదుల గురించి ఇంకా ఎవరూ అడగలేదు. అవి ఏ వేళల్లో వచ్చాయో చెప్పగలరా? ఆ సమయంలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుందా? మీ కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ ఉందా, లేక ఇంటి ఇన్వర్టర్ మీదే నడుస్తోందా?

అక్షరకూర్పు, చిక్కడపల్లి

విడిగా యూపీఎస్ లేదండీ, ఇన్వర్టర్ మీదే నడుస్తోంది. మీరు అడిగాక నోటుపుస్తకం తిరగేశాను. ఆ రీస్టార్టులు దాదాపు అన్నీ సాయంత్రం వేళల్లోనే, ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చినప్పుడో, లైట్లు ఒక్కసారి మసకబారినప్పుడో జరిగాయి. అయితే కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్ కాలేదు. అందువల్లే నాకు ఈ సంబంధం తట్టలేదు.

విశ్రాంత_విద్యుత్_ఇంజనీరు, మల్కాజిగిరి

ప్రతిసారీ కాకపోవడమే ఇక్కడ అసలైన ఆనవాలు. కరెంటు ఆగిన తర్వాత ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో యంత్రాన్ని కాసేపు నిలబెడుతుంది. మంచి స్థితిలో ఉన్నది పూర్తి లోడు మీద సుమారు 16, 17 మిల్లీసెకన్లు నిలబెట్టాలి. మన 50 హెర్ట్‌జ్ సరఫరాలో ఒక్క ఆవర్తనానికే 20 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, ఆ నిల్వ ఒక్క ఆవర్తనానికి కూడా చాలదు. కెపాసిటర్లు పాతబడేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. ఆ క్షణంలో యంత్రం మీద భారం తక్కువగా ఉంటే గట్టెక్కుతుంది, పేజీలను పీడీఎఫ్‌గా మారుస్తూ ఉంటే పడిపోతుంది.

మీ ఇన్వర్టర్ వెనక సాధారణ మోడ్, యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి. సాధారణ మోడ్‌లో అది బ్యాటరీ మీదికి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ ఆ ఆలస్యం తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది. యూపీఎస్ మోడ్‌లో మార్పు వేగంగా జరుగుతుంది. పైగా సాధారణ మోడ్‌లో వోల్టేజీ బాగా పడిపోయేదాకా ఇన్వర్టర్ జోక్యం చేసుకోదు. యూపీఎస్ మోడ్‌లో 180 వోల్టుల చుట్టుపక్కలే బ్యాటరీకి మారుతుంది. అందుచేత ఏసీలన్నీ నడిచే సాయంత్రాల్లో బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుందని ముందే చెబుతున్నాను. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరా, సైన్ వేవ్ ఇన్వర్టరా అన్నది కూడా చూడండి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ మీద నిలబడవు.

వీలైతే ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. అది రెండు మూడు వోల్టులు దాటకుండా ఉంటే మంచిది. వేసవిలో మన దగ్గర ఎర్త్ పిట్ ఎండిపోతుంది, దానికి నీళ్లు పోయడం చాలా ఇళ్లలో మరిచిపోతారు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ స్వయంగా విప్పకండి. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ ఉండవచ్చు.

అక్షరకూర్పు, చిక్కడపల్లి

ఫలితాలు రాస్తున్నాను. 05, సీ5, సీ6 సున్నాగానే ఉన్నాయి, సీ7 మాత్రం పెద్ద అంకె. క్యాబినెట్ తెరిచి చూస్తే సాటా కేబుల్ పక్క తలుపు ఒత్తిడికి మడతపడి ఉంది. క్లిప్ ఉన్న కొత్త కేబుల్ వేసి, బోర్డు మీద వేరే పోర్టుకు కలిపాను. పాత అంకె అలాగే ఉంది కానీ ఇక పెరగడం లేదు. 129 వార్నింగు మళ్లీ రాలేదు.

మెమ్‌టెస్ట్86 మొదటి విడతలోనే ఎర్ర గీతలు చూపించింది. దుకాణంలో అడిగితే ర్యామ్ స్టిక్‌ల బంగారు అంచును రబ్బరుతో రుద్దితే సరిపోతుందన్నారు. అలా చేయవచ్చా? లేక నాలుగింటినీ మార్చాలా?

పార్క్‌లేన్_టెక్నీషియన్, సికింద్రాబాద్

సీ7 తగ్గదండీ, అది జీవితకాలపు లెక్క. పెరగకపోవడమే మనకు కావలసింది.

రబ్బరు పద్ధతి మన దుకాణాల్లో అందరూ చేసేదే అయినా నేను చేయను. రబ్బరు పొడి స్లాటులో పడుతుంది, పలచటి బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ చాలు. స్టిక్‌లను ఇప్పుడే మార్చకండి. మొదట పాత జత మాత్రమే, ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాటుల్లో ఉంచి పరీక్షించండి. తర్వాత అవే స్లాటుల్లో కొత్త జత మాత్రమే. ఆ తర్వాత నాలుగూ కలిపి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే అమరిక) తీసేసి. ఒక్కో పరీక్షకూ ఒక్క మార్పు మాత్రమే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

డ్రైవర్_పరిశీలకుడు, మాదాపూర్

సాక్ష్యం చూశాక ఇది ర్యామ్ వైపే ఉందని ఒప్పుకోవలసిందే. ఒక్క చేర్పు మాత్రం చేస్తాను. ర్యామ్ తేలిన తర్వాత ఎస్‌ఎఫ్‌సీ, డిజమ్ ఆదేశాలతో విండోస్ ఫైళ్లను సరిచూసుకోండి. చెడిన మెమరీ మీద విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు సిస్టమ్ ఫైళ్లే పాడై ఉండే అవకాశం ఉంది. లేకపోతే ర్యామ్ బాగుపడినా తప్పులు కొనసాగుతూ మళ్లీ తికమక పెడతాయి.

అక్షరకూర్పు, చిక్కడపల్లి

పాత జత విడిగా తప్పు చూపలేదు. కొత్త జత కూడా విడిగా తప్పు చూపలేదు. నాలుగూ కలిపి ఎక్స్‌ఎంపీతో 3200 వేగం దగ్గర నడిపితే తప్పులు వస్తున్నాయి. ఎక్స్‌ఎంపీ తీసేశాక నాలుగూ 2666 దగ్గర రాత్రంతా నడిచి, ఒక్క తప్పూ లేకుండా పూర్తిచేశాయి. డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ నడిపితే కొన్ని సిస్టమ్ ఫైళ్లు పాడైనట్టు చూపించి సరిచేశాయి.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే. స్విచ్ సాధారణ మోడ్‌లో ఉంటే యూపీఎస్ మోడ్‌కు మార్చి, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని, ఏ ఫైలూ తెరవకుండా మెయిన్ ఆపి చూశాం. యంత్రం నిలబడింది. ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టి చూస్తే ఒకసారి పడిపోయింది. తెలిసినవారి దగ్గర 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి అదే పరీక్ష చేస్తే, పూర్తి భారం మీద కూడా నిలబడింది. అందుకని సికింద్రాబాద్ వెళ్లి అలాంటిదే కొనుక్కుని వచ్చాను. న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజీ ఒకటిన్నర వోల్టు ఉంది. గ్రంథం పీడీఎఫ్ మరో కంప్యూటర్‌లో తెరిచి, మొదటి నుంచి చివరి దాకా చూసి ప్రెస్సుకు పంపించాం. మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఒకటే సందేహం మిగిలింది. 3200 వేగానికని డబ్బు పెట్టి కొన్న ర్యామ్‌ను 2666 దగ్గరే వాడుకోవాలా? ఇంకేదైనా మార్గం ఉందా?

గణితోపాధ్యాయిని, ఉప్పల్

చాలా సంతోషం. మా పాఠశాల కంప్యూటర్లకు కూడా సీ7 వరుస చూసి, ఇన్వర్టర్ మోడ్ ఎలా ఉందో రేపే కనుక్కుంటాను.

పార్క్‌లేన్_టెక్నీషియన్, సికింద్రాబాద్

నాలుగు స్టిక్‌లు పెట్టినప్పుడు ఆ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది. అందుకే నాలుగింటికి అధికారికంగా చెప్పే వేగం రెండింటికి చెప్పేదానికన్నా తక్కువ. పైగా మీవి రెండు కంపెనీల జతలు, వాటి చిప్పులు ఒకటే కావాలని లేదు. ఎక్స్‌ఎంపీ అంటే ఆ జత విడిగా అందుకోగల వేగమే గానీ, ఇతర స్టిక్‌లతో కలిపి ఇచ్చిన హామీ కాదు.

కావాలంటే బయోస్‌లో చేత్తో 2933 పెట్టి చూడవచ్చు. అప్పుడు కూడా మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపి, ఒక్క తప్పు కనిపించినా 2666కే తిరిగి రండి. 3200 తప్పనిసరి అనుకుంటే 16 జీబీ స్టిక్‌లు రెండు ఒకే పెట్టెలో వచ్చే జతగా కొని, ఈ నాలుగూ తీసేయాలి. పేజీల కూర్పు పనిలో ఈ వేగాల తేడా మీకు కనిపించదు. నేనైతే ఆ డబ్బుతో రెండో బ్యాకప్ డిస్క్ కొంటాను.

అక్షరకూర్పు, చిక్కడపల్లి

అలాగేనండీ. 2666 దగ్గరే ఉంచి, రెండో డిస్క్ తీసుకుంటాను. ఎవరికైనా ఇలాంటి లక్షణాలు ఉంటే ఈ పరీక్షల వరుస ఉపయోగపడుతుందని ఈ చర్చను తెరిచే ఉంచుతున్నాను.